పద్నాలుగు పౌన్లు

"నువ్వు ఎగరనంటే ఎగరనంటివి. ఇప్పుడు మా కొంప ఎగిరిపోతాండాది. సంతోషమేనా?"

వరమ్మ ఈ మాట మరిది మొహం చూసి అనలేదు. పొయ్యిలోకి కట్టె ఎగదోస్తూ పొయ్యితో అంది. పొయ్యి కూడా ఆమెకు జడిసినట్టు గుప్పున పొగ వదిలింది.

దావీదురాజు గడపలో కూచుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ఏడు గంటలైనా కాలేదు, అప్పుడే రాతిగోడలు వేడెక్కుతున్నాయి. ఈ ఎండే నిన్న తనను ముంచిందని ఎవరికి చెప్పుకుంటాడు?

"నేను ఎగరనన్లేదు వదినా. మిట్టమద్యాన్నం అంత బరువేసుకోని ఎగరనంటి. తెల్లారుజామున చల్లగా ఉంటాది, ముగ్గుర్ని తీసకపోతానంటి."

"ఆ తేడా రెడ్డికి జెప్పుకో. పొద్దున్నే మనిషినంపినాడు. ఈపొద్దు పన్నెండు గంటలకు ఇమానం లేయకుంటే మాపిటికి ఆయప్ప ఇచ్చిన ఇల్లు ఖాళీ జేయాలంట. గిన్నెలు సర్దేదా వద్దా, అది జెప్పు నాకు."

నిన్నటి సంగతి ఈపాటికి కడప దాకా పాకి ఉంటుంది. ముగ్గురాయి గనుల మహానందిరెడ్డి తల్లి కృష్ణవేణమ్మ బావిమెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి రెడ్డి అక్కడి నుంచే అద్దె విమానం పిలిపించాడు. విమానం దిగింది. అందులోంచి దిగిన పైలట్ ఎవరయ్యా అంటే, తన ఇంట్లో జీతగాడిగా బతికి చచ్చిన ఏసన్న చిన్నకొడుకు. అది ఒకటి. ఆ ఏసన్న కొడుకు పదిమంది ముందర, "ఇద్దరు దిగాల" అన్నాడు. అది రెండు. మొదటిదాన్ని రెడ్డి ఎలాగో మింగాడు. రెండోది గొంతు దిగలేదు.

తెల్లవారుజాము వర్జ్యమన్నాడు రెడ్డిగారి జోస్యుడు. మధ్యాహ్నం అభిజిత్తు ముహూర్తం, దానికి తిరుగులేదన్నాడు. ఆ జోస్యుడు కూడా విమానం ఎక్కే అయిదుగురిలో ఒకడు మరి!

ముంగిట్లో కొర్రలు చెరుగుతున్న విశ్వాసమ్మ అప్పుడు నోరు విప్పింది. కొడుకు విమానం తోలుకుంటూ వచ్చాడని నిన్న పొద్దున వీధి వీధీ తిరిగి చెప్పిన తల్లే ఆమె.

"మీ నాయన ఆ ఇంట్లో ముప్పై ఏండ్లు జీతముండె. ఒక్కనాడన్నా రెడ్డి మాటకు కాదన్న్యాడా?"

"అనలేదు. ఆ ఇంటి ఎద్దు గూడా అనలేదు."

చేట ఆగింది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని దావీదురాజుకు అనిపించింది గానీ, ఆ ఇంట్లో ఈ పొద్దు ఎవరూ ఏ మాటా వెనక్కి తీసుకోవడం లేదు.

"శానా పెద్దోనివైనావు." విశ్వాసమ్మ చేట ఒళ్ళోకి లాక్కుంది. "మనిషి తన సత్తువ ఎంతో తెలుసుకోని బతకాల. పదకొండేండ్లు ఆ గనిలో రాయి మోస్తి. నాలుగు తట్టలకొక తూకం, తూకాన్ని బట్టే కూలి. మీ అన్న తూకం మేస్త్రీ అయిన యాడాది నుంచీ ఎంత పోసినా నాకు తక్కువే పడబట్టె. 'ఇంగా పొయ్యాలమ్మా' అంటాండె వాడు. వయసు పిల్లోళ్ళు తట్ట మీద గోపురం పోసుకోని నెగ్గుకొస్తాండ్రి. నా సత్తువ అయిపోయిందని తెలుసుకుంటి. ఒగరి చేత చెప్పించుకోకుండా నా అంతట నేనే మానుకుంటి. అట్ల తెలుసుకోవాల. రెడ్డితో పంతానికి నీ సత్తువ యాడ చాలుతాది?"

మూలన చుట్ట నలుపుతూ కూచున్న ప్రకాశం లేచి బయటికి పోబోయాడు. వరమ్మ దారికి అడ్డం నిలిచింది.

"నువ్వన్నా జెప్పు నీ తమ్మునికి. మూగనోము పట్టినావా?"

ప్రకాశం తమ్ముడికంటే పన్నెండేళ్ళు పెద్ద. మిషన్ బడిలో తమ్ముడికి ఫీజు కట్టింది అతనే. యుద్ధంలో విమానాల కింద దూరి నూనె తుడిచే పని దొరికితే రైలెక్కించింది అతనే. నిన్న సాయంత్రం "ఎట్లన్నా ఎగరరా, నా పిల్లల మొహం జూడు" అని తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చిందీ అతనే.

"దావీదూ, ఎగరొద్దు."

వరమ్మ మొగుడి మొహంలోకి వంగి చూసింది.

"ఏమంటివి?"

"ఎగరొద్దంటాండా. ఇంజను చెడిపాయనని చెప్పి, ఒక్కనివే ఎక్కి మదరాసుకు పో. ఈడ మా తిప్పలేవో మేం పడతాం."

"నిన్న కాళ్ళాయేళ్ళా పడి ఎగరమంటివి గదయ్యా!"

"నిన్న వేరే."

"ఏం వేరే? నిన్నా ఈపొద్దుకూ నడాన ఏమొచ్చిపడె?"

వచ్చిపడింది ఒక్కటే. రెడ్డి పంపిన మనిషితో దావీదురాజు ఒక మాట తిరిగి చెప్పి పంపాడు: పన్నెండుకే ఎగురుతాను, కానీ ఎక్కే ప్రతి మనిషినీ ప్రతి పెట్టెనూ తూచాలి, లెక్కలోపల ఉంటేనే ఎగురుతాను అని. బతికుండే మనిషిని తూస్తే ఆయుస్సు తగ్గుతుందని ఆ ఇంట్లో ఒక పట్టింపు. రెడ్డి ఒప్పుకోడనే అనుకున్నాడు. అరగంటలో జవాబు వచ్చింది. సరేనట. విమానం దిగిన మైదానంలో తూచడానికి తన గని కాటానే బండి మీద పంపుతాడట, ప్రకాశమే దగ్గరుండి తూచి చదవాలట.

రెడ్డి మంచితనం ఎప్పుడూ ఒట్టి చేతులతో రాదు. అది తెలిసి కూడా దావీదురాజు ఆలోచించలేదు. అన్నకు రెడ్డిని కాటా ఎక్కించడమంటే భయమనుకున్నాడు.

"అన్నా, లెక్క కుదిరితే ఎగురుతా, లేకుంటే లేదు. కాటా మీద నిలబడితే రెడ్డి పరువు పోదులే."

ప్రకాశం తల్లి వైపు చూశాడు.

"గిన్నెలు సర్దుతాండా నేను," అంది వరమ్మ.

* * *

అద్దె విమానం నడపడంలో ఎగరడం తక్కువ, కాచుకోవడం ఎక్కువ. మద్రాసులో తంతి అందితే తినే ముద్ద వదిలి లేవాలి. ఎవరి ముహూర్తానికో, ఎవరి అలకకో, ఎవరి మధ్యాహ్నపు నిద్రకో రెక్క నీడలో కూచుని ఎదురుచూడాలి. ఆరేళ్ళలో దావీదురాజు పెళ్ళివారి లడ్డూ గంపలు మోశాడు, ఒక జమీందారు వేటకుక్కల్ని మోశాడు, మంచుగడ్డల మధ్య పెట్టిన ఒక శవాన్నీ మోశాడు. శవం ఒక్కటే తొందరపెట్టలేదు. విమానాన్ని అద్దెకు తీసుకున్న మారాజులకు గాలి కూడా దాంతోపాటే అద్దెకు వచ్చిందనిపిస్తుంది.

గాలి ఎవరి జీతగాడూ కాదు. మే నెల మధ్యాహ్నం అది పలచనై పోతుంది. చల్లటి పొద్దున సగం దూరంలో లేచే విమానం, ఎండలో మైదానం చివరిదాకా పరిగెత్తినా లేవనని మొరాయిస్తుంది. ఈ మైదానం చివర గుండ్లగుట్ట ఉంది.

పెట్రోలు టాంకులో బద్ద ముంచి చూసుకున్నాడు. కాగితం మీద రెండుసార్లు లెక్క వేశాడు. ఈ ఎండకు మనుషులూ సామానూ కలిపి తొమ్మిది వందల పౌన్లు. అంతకు మించితే గుట్ట దాటదు.

పదకొండున్నరకు రెడ్డి కారు వచ్చింది. వెనక బండి మీద కాటా, దాని వెనక సామాను మోస్తూ గని కూలీలు పాతికమంది. విమానం చూడాలని వాళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య విశ్వాసమ్మ. వరమ్మ అన్నంత పనీ చేసింది, గిన్నెల మూటతో సహా వచ్చి తుమ్మచెట్టు కింద కూచుంది.

మహానందిరెడ్డి కొత్త రాజధాని కర్నూలులో మంత్రుల గుడారాల చుట్టూ తిరిగి మెత్తటి మాటలు నేర్చుకున్నాడు గానీ, వాటిని అక్కడే వాడతాడు.

"ఏరా ఏసన్న కొడుకా, యాడ నిలబడాల్రా నేను?"

"కాటా మీద నిలబడండి."

"నిలబడతా. నీ ముచ్చట గూడా తీరుస్తా. లెక్క కుదిరినాంక మాత్రం ఇంగొక మాట మాట్లాడినావంటే, మీ కంపెనీకి తంతి గొడతా. ఆపైన నువ్వు ఎద్దులబండి తోలుకోవాల్సిందే."

"లెక్క కుదిరితే నేనే మాట్లాడను."

రెడ్డి ఎక్కాడు. ప్రకాశం దండె మీద గుండు జరిపి చదివాడు. గనిలో పదిమందికీ వినిపించేలా చదివే గొంతు ఈ పొద్దు గొణుగుడుగా వచ్చింది. రెడ్డి భార్య, ఆమె తమ్ముడు, జోస్యుడు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగారు. జోస్యుడు ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నాడు.

కృష్ణవేణమ్మను డోలీతో సహా తూచారు. డోలీ కూడా ఎక్కాల్సిందే కదా. నొప్పికి ఆమె పెదవులు నల్లబడ్డాయి, నాలుక మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏసన్న కొడుకు నన్ను తూస్తాండాడు. సూడండ్రా, కాలం."

"తల్లీ, నొప్పి తగ్గాలంటే ముందు క్షేమంగా చేరాల గదా," అన్నాడు దావీదురాజు.

"చేరుస్తావో, పూడుస్తావో. తొందరగా ఏదోటి జెయ్."

పెట్టెలు నాలుగు. మొత్తం తొమ్మిది తూకాలు. దావీదురాజు కూడాడు. ఎనిమిది వందల ఎనభై.

"ఇరవై తక్కువే ఉండాది," అన్నాడు. ఆ మాట అంటుంటే అతని గుండె తేలికపడింది. ఇల్లు నిలిచింది. వదిన గిన్నెల మూట విప్పుకోవచ్చు.

"మరి ఎక్కు," అన్నాడు రెడ్డి.

ఎక్కేవాడే. కానీ ఎక్కడ తూచినా చివర్లో తాను కూడా కాటా ఎక్కి చూసుకోవడం అతనికి అలవాటు. లైసెన్సు కోసం ఆర్నెల్లకొకసారి డాక్టరు తూస్తాడు. ఏ ఊరి కాటా ఎలా ఉందో చూడటానికి అతని ఒళ్ళే పడికట్టు రాయి. పది రోజుల కింద నూట యాభై రెండు పౌన్లు.

ఎక్కాడు. గుండు తానే జరిపాడు. దండె నూట ముప్పై ఎనిమిది దగ్గర నిలిచింది.

దిగి మళ్ళీ ఎక్కాడు. నూట ముప్పై ఎనిమిదే.

పది రోజుల్లో పద్నాలుగు పౌన్లు ఏ మనిషీ చిక్కిపోడు. దావీదురాజు బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, దండె చివర వేలాడే పళ్ళెం కిందికి చూశాడు. అక్కడ బొటనవేలంత సీసపు ముద్ద అంటుకుని ఉంది. కొత్తది కాదు. ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి కాటా రంగులోనే కలిసిపోయింది.

తూచిన ప్రతిసారీ పద్నాలుగు తక్కువ. తొమ్మిది తూకాలకు నూట ఇరవయ్యారు. లెక్కలో లేని మనిషి ఒకడు లోపల ఎక్కి కూచున్నట్టే. ఆ మనిషితోనే తాను గుట్ట మీదికి పోబోయాడు.

వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు. గాలి లెక్క అయిపోయింది, ఇంకో లెక్క మొదలైంది. 'మీ అన్న తూకం మేస్త్రీ అయిన యాడాది నుంచీ.' పొద్దున తల్లి చేట పట్టుకుని అన్న మాట. ఇంగా పొయ్యాలమ్మా, ఇంగా పొయ్యాలమ్మా. కొడుకే చదివాడు, తల్లే మోసింది.

తలెత్తి అన్న వైపు చూశాడు. ప్రకాశం తేలు కుట్టిన దొంగలా తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఇందుకా పొద్దున ఎగరొద్దన్నది! అన్నను అక్కడే చొక్కా పట్టుకుని ఈడ్చి కొట్టాలనిపించింది. ఆ చొక్కా పట్టుకునే తాను బడికి నడిచాడని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

చుట్టూ పాతికమంది కూలీలు. ఒక్క మాట చాలు, అన్న ఈ మైదానం దాటి ఇల్లు చేరడు.

"ఏమిరా, లేసు కట్టుకునేకి ముహూర్తం పెట్టించాల్నా?"

రెడ్డి దగ్గరికి వచ్చాడు. దావీదురాజు ఎక్కడికి వంగి చూశాడో అతను చూశాడు. గొంతు తగ్గించాడు.

"కనిపెట్టినావు గదా. నేను జెప్తే నీ అన్న తన చేత్తో పెట్టిందే అది. నోరు తెరువు. ఈళ్ళు ముందు ఎవర్ని నరుకుతారో నీకూ తెల్సు."

"దీంతో తూస్తే బరువు తగ్గుతాదనుకొంటివా?"

"పదైదేండ్ల నుంచి తగ్గుతానే ఉండాది గదరా. కాటా ఎంత చెప్తే బరువంత. ఎక్కు."

అతను ఎగతాళికి అనలేదు. నిజంగానే నమ్ముతున్నాడు. దావీదురాజుకు మొదటిసారి ఆ మనిషంటే భయం వేసింది.

"కూలోళ్ళకు చెప్తివి, ఇన్న్యారు. గాలికి యాడ జెప్తావు? నీ తల్లి గూడా ఇమానంలోనే గదా కూచునేది."

"ముహూర్తం దాటిపోతాంది," అని జోస్యుడు దూరం నుంచి కేక వేశాడు.

దావీదురాజు లేచి నిలబడ్డాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అన్నను కాపాడటానికి దారి ఒక్కటే కనిపించింది. ఆ దారిన పోతే తన పరువు పోతుంది, ఇల్లూ పోతుంది. పోనీ అనుకున్నాడు.

"నేను ఎగరను," అన్నాడు, అందరికీ వినపడేలా.

రెడ్డి కూలీల వైపు తిరిగి చేతులు చాచాడు. "ఇన్న్యారు గదా? ఇరవై తక్కువుండాదని వాడే అనె. ఇప్పుడు ఎగరడంట. ఎందుకురా? చెప్పు, అందరూ వింటారు."

"గాలి బాగలేదు."

ఒకడు నవ్వాడు. ఆకు కదలడం లేదు. తుమ్మచెట్టు కింద వరమ్మ గిన్నెల మూట ఎత్తి నేలకేసి కొట్టింది. ఒక చెంబు దొర్లుకుంటూ వచ్చి కాటా దగ్గర ఆగింది.

ఆ చెంబు వెనకే విశ్వాసమ్మ వచ్చింది. కొడుకు ముందు నిలబడి అతని మొహం కేసి ఉమ్మినంత పని చేసింది.

"థూ. పిరికోన్ని కంటి నేను."

"అమ్మా, నువ్వు పక్కకు పో."

"యాడికి పోవాల? కొంప గూడా లేదు గదా పోయేకి! నేను ఈ కాటా కాడ్నే ఓడిపోతి. సత్తువ లేక ఓడిపోతి, ముసిల్దాన్ని. నలుగురూ నవ్వుతాంటే తట్ట బోర్లిచ్చి ఇంటికి పోతి. ఆరు నెలలు చర్చికి గూడా పోకపోతి, సిగ్గుతో. నీకేమొచ్చెరా? దున్నపోతు మాదిరుండావే, నీకేమొచ్చె?"

ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే దావీదురాజు ఓర్చుకునేవాడేమో. పదేళ్ళుగా మోస్తున్న ఆ సిగ్గు ఆమెది కాదు. ఒక్క ముక్క చెబితే దించొచ్చు. ఆ ముక్క చెబితే ఆమెకు మిగిలేది ఒక్క కొడుకు.

ప్రకాశం తల అడ్డంగా ఊపాడు. అతి చిన్నగా, తమ్ముడికి మాత్రమే కనపడేలా.

"నీ సత్తువ పోలేదమ్మా," అన్నాడు దావీదురాజు.

"ఏంది?"

అతను తిరిగి కాటా మీదికి ఎక్కి నిలబడ్డాడు. రెడ్డి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

"నా బరువు నూట యాభై రెండు పౌన్లు. పది దినాల కిందట డాక్టరు తూచినాడు, ఆయన రాసిచ్చిన కాగితం జోబీలో ఉండాది." అతను గట్టిగా మాట్లాడాడు. "అన్నా, రా. గుండు జరుపు. గనిలో చదివినట్లే చదువు, అందరికీ ఇనపడాల."

ప్రకాశం కదల్లేదు. కూలీలందరూ దండె వైపు చూస్తున్నారు. వాళ్ళకు అక్షరాలు రావు గానీ, తూకపు గీతలు మాత్రం ఒక్కొక్కటీ కంఠతా వచ్చు. నూట ముప్పై ఎనిమిది దగ్గర నిలిచిన గుండును వాళ్ళు చూశారు. ఒకసారి దావీదురాజును చూశారు. మళ్ళీ గుండును చూశారు.

"పెకాశం," అంది విశ్వాసమ్మ. "ఎంతుండాదిరా?"

ప్రకాశం కాటా వైపు చూడలేదు. తల్లి వైపే చూస్తూ నిలబడ్డాడు.

వెనక, కూలీలందరికంటే పెద్దవాడైన అయ్యన్న, నెత్తిమీది రెడ్డిగారి ట్రంకు పెట్టెను మెల్లగా దించి నేలమీద పెట్టాడు.